కుంగని పెడల్

"...ఊడిపోతే మనిషికి తెలీదా అంటున్నాను! వీధి చివరనుంచీ ఒంటి చెప్పుతో నడిచొచ్చారా?"

"తెలిసింది. వెనక్కెళ్ళి చూశాను. లేదు. ఎవడో పట్టుకుపోయినట్టున్నాడు."

"ఒక్క చెప్పు పట్టుకుపోయే దొంగ ఎవడండీ? ఒంటికాలి వాడా?"

మేడ మీద బట్టలు ఆరేస్తున్న అద్దెకున్నావిడ నవ్వు ఆపుకోవడానికి తడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. కింద వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడు.

అతను వంటింటి మెట్టు మీద కూర్చుని కుడికాలు చాపాడు. భార్య చెంబుతో నీళ్ళు పోసి మట్టి కడిగింది. మట్టి పోయాక మడమ దగ్గర చిన్న గాజుపెంకు కనిపించింది. దాని చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. ఆమె అతని మొహంలోకి చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఇది గుచ్చుకుని ఎంతసేపైందో?"

"ఇప్పుడే."

"ఇప్పుడే అయితే రక్తం ఎండుతుందా?" ఆమె గోళ్ళతో పెంకు లాగేసింది. అతను కదల్లేదు. "చూశారా, అబ్బా అని కూడా అనలేదు. మీ బావగారికి చెప్పండి. షెడ్డులో బ్రేకు పెడల్ పని ఇంకొకరికి ఇమ్మనండి. ఏం పోతుంది?"

"నేల తెలీట్లేదు, అంతే. పెడల్ బాగానే తెలుస్తోంది."

"అంటే, ఈ కాలికి నేల మీద కోపం, పెడల్ మీద ముద్దూనా?"

అతను పాత బూట్లు వెతుక్కుని వేసుకున్నాడు. తాళ్ళు ఎంత బిగించాలో తెలియక ఒకసారి విప్పి మళ్ళీ కట్టాడు.

పెడల్ గురించి అతను చెప్పింది అబద్ధం కాదు. అతను నిజంగానే అలా నమ్మాడు.

అతను పనిచేసే షెడ్డు రైలు పట్టాలకు అవతల, చెక్కల అడితికీ టైర్ల దుకాణానికీ మధ్య ఉంటుంది. రేకుల కప్పు, పక్కపక్కనే మూడు బళ్ళు పట్టేంత చోటు. షెడ్డు అక్కమొగుడిది. వచ్చిన వాళ్ళతో మాట్లాడటం, సామాను తెప్పించడం బావ పని. ఇంజన్లు చూసే మనిషికి పెట్రోలు వాసన తగిలితే చాలు తుమ్ములు ఆగవు. అందుకని అతన్ని తుమ్ముల మేస్త్రి అంటారు. బ్రేకులు చూసేది ఇతను. ఇతన్ని కాలు మేస్త్రి అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. కారులో బ్రేకు పెడల్‌కీ చక్రాలకీ మధ్య బూస్టర్ అని గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజన్ దాంట్లోని గాలిని లాగేస్తుంటే, ఆ బలంతో అది మన కాలికి సాయం చేస్తుంది. దాని సాయం ఉంటే కాలు ఆనిస్తే బండి ఆగుతుంది. లేకపోతే ఒళ్ళంతా బరువు పెట్టి తొక్కాలి. అది పనిచేస్తోందో లేదో చూడటానికి అతని పద్ధతి ఒక్కటే. ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కుతాడు. లోపల మిగిలిన బలం అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. కాలు అలాగే అదిమిపట్టి తాళం తిప్పుతాడు. ఇంజన్ అందుకోగానే పెడల్ కాలి కింద ఓ బొటనవేలి మందం కుంగాలి. కుంగితే బూస్టర్ బాగున్నట్టు. కుంగకపోతే పోయినట్టు.

ఈ పని డ్రైవింగ్ తెలిసిన ఎవరైనా చెయ్యొచ్చు. కానీ సగం పోయిన బూస్టర్లుంటాయి. వాటి పెడల్ కుంగుతుంది కానీ ఆలస్యంగా, మనసు లేనట్టు కుంగుతుంది. ఆ తేడా అతని కాలికి తెలిసేది. చెప్పు విప్పి, అరికాలు పంట్లాముకు తుడుచుకుని, ఉత్తకాలు పెడల్ మీద పెట్టేవాడు. ఆ కాసేపు పక్కన నిలబడ్డ బండి యజమానులు కూడా మాట్లాడేవారు కారు. "పెద్ద షెడ్లలో మెషిన్లుంటాయండీ, మా దగ్గర కాలుంది" అని బావ వాళ్ళకి చెప్పేవాడు. ఒకప్పుడు షెడ్డులోనూ బూస్టర్ బలం కొలిచే గేజ్ ఉండేది. కిందపడి ముల్లు ఊడిపోయాక కొత్తది కొనలేదు. అవసరం ఉందని ఎవరికీ అనిపించలేదు.

చలికాలం మొదట్లో వేళ్ళ దగ్గర మొద్దుబారడం మొదలైంది. వేసుకోని మేజోళ్ళు వేసుకున్నట్టు ఉండేది. షుగరు వల్ల నరాలు మందగించాయనీ, కాళ్ళు జాగ్రత్తగా చూసుకోమనీ డాక్టరు చెప్పాడు. మేజోళ్ళు నెమ్మదిగా పాదం ఎక్కి, మడమ దాటాయి. అప్పట్నుంచీ అతను నేలకేసి చూస్తూ నడుస్తున్నాడు. మెట్టు ఎక్కాలంటే మెట్టును చూడాలి, క్లచ్ తొక్కాలంటే క్లచ్‌ను చూడాలి. కాళ్ళు చెయ్యాల్సిన పని కళ్ళు చెయ్యాల్సి వచ్చేసరికి మధ్యాహ్నానికే తల బరువెక్కేది. ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని, తినడం కూడా ఒక పనిలాగే మొదలుపెట్టేవాడు.

అయినా పెడల్ కుంగడం మాత్రం ఒక్కరోజు తప్పకుండా తెలుస్తూనే ఉంది. తాళం తిప్పుతాడు, ఇంజన్ అందుకుంటుంది, కాలి కింద మెత్తగా దిగుతుంది. ఆ ఒక్కటీ మిగిలినందుకు అతను లోలోపల సంతోషించాడు కూడా. దాని గురించి షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది ఏముంది?

చెప్పు పోయిన ఆ రోజే పదకొండు దాటాక కూతురు వ్యాను తీసుకుని షెడ్డుకి వచ్చింది. ఆమె బడి పిల్లల వ్యాను నడుపుతుంది. పిల్లల్ని పొద్దున దింపేస్తే మళ్ళీ బడి వదిలేదాకా ఖాళీ.

"నాన్నా, బ్రేకు ఏదోలా ఉంది. గట్టిగా ఉంది. మలుపులో దాదాపు లేచి నిలబడి తొక్కాను."

"కొత్త ప్యాడ్లు వేశాం కదే, కుదురుకోవాలి."

"వేసిన రోజు బానే ఉంది. నిన్నటి నుంచి ఇలా."

"రా మేనకోడలా!" బావ స్టూలు మీద నుంచే పలకరించాడు. "మీ నాన్నని చూడ్డానికి వచ్చావా, మీ నాన్న కాలుని చూడ్డానికి వచ్చావా?"

"కాలునే మావయ్యా. నాన్నని ఇంట్లో చూస్తున్నాగా, ఎప్పుడూ అలిగిన మొహమే."

తుమ్ముల మేస్త్రి బానెట్ కింద నుంచి తల ఎత్తకుండా "అలగడం కాదమ్మా, మీ నాన్న మొహం కంపెనీ నుంచే అలా వచ్చింది" అన్నాడు.

అతను సీట్లో కూర్చుని బూటు విప్పాడు. మడమకి భార్య అంటించిన దూది చూసి కూతురు ఏమిటని అడిగింది. ఏం లేదన్నాడు. నాలుగైదుసార్లు తొక్కి, కాలు అదిమిపట్టి, తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. కాలి కింద పెడల్ దిగింది.

"దిగింది. బూస్టర్ బాగుంది."

"నిజంగానా?"

"దిగింది అంటున్నాగా."

"నేను రోజూ తొక్కే పెడల్ నాన్నా. నాకు తెలీదా?"

"కాలు మేస్త్రి చెప్పాక ఇంక అప్పీలు లేదమ్మా" అన్నాడు బావ. "నీ మోకాలు చూపించుకో, పో."

ఆమె నవ్వలేదు. ఇంకేదో అనబోయి, తండ్రి కళ్ళ కింద నలుపు చూసి ఊరుకుంది. ఆదివారం ప్యాడ్లు విప్పి చూస్తానని అతను అన్నాడు. ఆమె తలూపి వ్యాను వెనక్కి తీసుకుంది. గేటు దగ్గర బ్రేకు తొక్కినప్పుడు ఆమె భుజం ముందుకి వంగింది. అతను అది చూశాడు. కొత్త ప్యాడ్లే అనుకున్నాడు.

మధ్యాహ్నం తిండి అయ్యాక కళ్ళు మూతలు పడే వేళ. ఎవరిదో ఎర్ర కారు. బ్రేకు నూనె మార్చి, చివరగా బూస్టర్ చూడటానికి సీట్లో కూర్చున్నాడు. పక్క చోటులో తుమ్ముల మేస్త్రి ఇంకో కారు ఇంజన్ బిగిస్తున్నాడు. రెండు బళ్ళ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మాత్రమే ఉంది.

అతను పెడల్ తొక్కాడు. బిగుసుకుంది. కాలు అదిమిపట్టి తాళం మీద చెయ్యి వేశాడు. వేసి, ఒక్క క్షణం అలాగే తల వెనక్కి వాల్చాడు. అలసటగా ఉంది. ఇంజన్ అందుకుంది. కాలి కింద పెడల్ మెత్తగా కుంగింది.

బాగుంది అనుకుని, ఇంజన్ ఆపడానికి తాళం వెనక్కి తిప్పబోయాడు.

తాళం తిప్పి లేదు.

అతను తాళం వంక చూశాడు. ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళన్నీ సున్నా దగ్గరే ఉన్నాయి. మోగుతున్నది పక్క కారు. అవతలి కిటికీలోంచి తుమ్ముల మేస్త్రి బొటనవేలు పైకెత్తి చూపించాడు, తన ఇంజన్ ఒక్క దెబ్బకి స్టార్టయినందుకు.

అతను వంగి తన పాదాన్ని చూశాడు. పెడల్ ఎక్కడుందో అక్కడే ఉంది.

పక్క ఇంజన్ ఆగేదాకా కూర్చున్నాడు. ఆగాక తన తాళం తిప్పాడు. కాలి కింద దిగింది. ఇప్పుడది నిజంగా దిగిందో లేదో అతనికి తెలియలేదు. ఆపి, కారు దిగి, తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక అరచేత్తో పెడల్ నొక్కిపట్టి రెండో చేత్తో తాళం తిప్పాడు. చెయ్యి పెడల్‌తో పాటు కిందికి జారింది. కాలికి తెలిసినదానిలా లేదు అది. బరువుగా, అంచెలుగా, కొద్దిగా వణుకుతూ దిగింది. కుంగడం అంటే అదీ అని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ కాలికి తెలిసింది చాలా మెత్తగా, ప్రతి బండిలోనూ ఒకేలా ఉంది. అన్ని బళ్ళూ ఒకేలా ఉండవని ఆలోచించలేదు.

ఎర్ర కారు బాగానే ఉంది. అతను లేచి షెడ్డు వెనక్కి నడిచి, కూతురికి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే?"

"బడి గేటు దగ్గర. పిల్లలు ఎక్కుతున్నారు. చెప్పు తొందరగా."

"దింపెయ్."

"ఏంటీ?"

"అందర్నీ దింపెయ్. తాళం తీసి చేతిలో పెట్టుకో. నేనొస్తున్నా."

"నాన్నా, వాళ్ళ అమ్మలు ఎదురు చూస్తుంటారు. ఇందాక నువ్వేగా బాగుందన్నావ్..."

"ఇందాక తప్పు చెప్పాను."

పిల్లల గోల మధ్య "సరే" అంది.

తుమ్ముల మేస్త్రి తన స్కూటర్ మీద దింపాడు. దారిలో ఏమైందని రెండుసార్లు అడిగాడు. వ్యాను బ్రేకు మళ్ళీ చూడాలని మాత్రం ఇతను చెప్పాడు. స్కూటర్ మీద కాలు పెట్టుకునే చోట పాదం ఉందో లేదో వంగి చూసుకుంటూ కూర్చున్నాడు.

బడి గోడ వెంబడి పిల్లలు సంచుల మీద కూర్చుని ఉన్నారు. ఒక టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఇంకో వ్యాను డ్రైవరు తన పిల్లల్ని దింపేసి వచ్చి వీళ్ళని తీసుకెళ్తానన్నాడట.

"తాతా, మా వ్యాను చచ్చిపోయిందా?" అని అడిగింది ముందు పళ్ళు లేని పిల్ల.

"లేదమ్మా. మొండికేసింది."

"మా తమ్ముడు మొండికేస్తే మా అమ్మ ఒక్కటేస్తుంది."

"దీనికీ వేస్తాం" అన్నాడు.

కూతుర్ని తాళంతో పక్క సీట్లో కూర్చోమన్నాడు. తను డ్రైవరు తలుపు దగ్గర రోడ్డు మీద మోకరించి, పెడల్ బిగుసుకునేదాకా నొక్కి, రెండు అరచేతులూ దాని మీద ఉంచి బలంగా అదిమిపట్టాడు. తిప్పమన్నాడు. ఇంజన్ అందుకుంది. అరచేతుల కింద పెడల్ కదల్లేదు. ఆపి మళ్ళీ తిప్పించాడు. కదల్లేదు.

"పొద్దున దిగిందన్నావుగా" అంది కూతురు.

అతను లేచి సీట్లో కూర్చున్నాడు. బూటు విప్పి కాలు పెడల్ మీద పెట్టాడు. "ఫోన్ లైటు వేసి పెడల్ చూడు. చూస్తూ తిప్పు."

ఆమె వంగి లైటు వేసి తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది.

"నాకు దిగింది" అన్నాడు. "నీకు?"

ఆమె లైటు పాదం మీదే ఉంచి, దూది ఊడి వేలాడుతున్న మడమ వైపు చూసింది.

"లేదు నాన్నా. కదల్లేదు."

రెండో వ్యాను వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళాక, ఇద్దరూ ఖాళీ వ్యానులో షెడ్డుకి బయల్దేరారు. ఆమె నడకంత వేగంతో నడిపింది. ఆపాల్సిన ప్రతిచోటా ముందునుంచే బరువంతా వేసి తొక్కింది. వెనక వచ్చేవాళ్ళు హారన్లు కొట్టారు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. పెడల్ తెలుస్తూనే ఉందనుకున్నాను. తెలియకపోతే చెప్పేవాణ్ణే. తెలిసింది."

"అమ్మకి తెలుసా?"

"నేల సంగతి తెలుసు."

ఇంకో మలుపు దాటాక ఆమె, "పొద్దున నేనింకా గట్టిగా అడిగుండాల్సింది" అంది.

"అడిగావు. నేనే వినలేదు."

షెడ్డులో లోపం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంజన్ నుంచి బూస్టర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం, బిగింపు కింద, పైనుంచి కనపడని వైపు నిలువునా చీలి ఉంది. కొత్తది వేశాడు. ఈసారి సీట్లో కూతుర్ని కూర్చోబెట్టాడు. ఇంజన్ అందుకోగానే ఆమె మోకాలు కిందికి జరగడం బయట నిలబడి చూశాడు. "ఆ... ఇదీ" అంది ఆమె. తరవాత రోడ్డు చివరిదాకా వెళ్ళి ఆపి చూసుకుని వచ్చింది. అప్పుడు ఇంటికి వెళ్ళింది.

తుమ్ముల మేస్త్రి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అతను బావకి జరిగిందంతా చెప్పాడు. బావ స్టూలు మీద నుంచి లేచి, దాన్ని అతని వైపు జరిపి, తను టైరు మీద కూర్చున్నాడు.

"మంచినీళ్ళు తాగు ముందు."

అతను తాగాడు.

"ఈ చలికాలం నుంచీ బూస్టర్ పోయిందని ఒక్క బండికన్నా చెప్పావా?"

"లేదు."

"అన్నీ బాగున్నాయనే?"

"అన్నీ."

బావ గడ్డం గోక్కున్నాడు. "అయినా అన్నీ చెడ్డవై ఉండవు కదరా. నూటికి తొంభై బాగానే ఉంటాయి."

"ఆ తొంభై ఏవో చెప్పు బావా."

రైలు వెళ్ళింది. రేకులు కాసేపు అదిరాయి.

"ఒక్కడన్నా తిరిగొచ్చి గొడవ చేశాడా? లేదు. అంత గట్టిగా ఉంటే వాళ్ళకే తెలుస్తుంది, వాళ్ళే వస్తారు."

"మా అమ్మాయికి తెలిసింది. వచ్చింది. బాగుందని పంపించాం."

"పంపించాం అనకు. నువ్వు పంపించావు" అని, బావ వెంటనే "సరే, నేనూ నవ్వాను లే" అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఒరేయ్, విను. చెయ్యి బాగానే పనిచేస్తోందిగా. ఇకమీదట చేత్తో చూడు. మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకో. వంగలేని రోజు తుమ్ములాయన్ని కూర్చోబెట్టు. గేజ్ కొంటాను, రేపే కొంటాను. ఎవరికీ తెలియక్కర్లేదు. పిలిచి, మా వాడి కాలికి స్పర్శ లేదు, మీ బ్రేకు మళ్ళీ చూస్తాం రండి అంటే ఎవడొస్తాడు? సగం మంది వేరే షెడ్డుకి పోతారు. మిగతా సగం ఊరంతా చెప్తారు. నీకూ నాకూ ఉన్నది ఆ కాలు పేరే. ఈ వయసులో కొత్త పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం?"

బావ చెప్పిందాంట్లో తప్పు లేదు. అది అతనికీ తెలుసు. అతను బూటు విప్పి, జారిన దూది మళ్ళీ అతికించడానికి చూశాడు. అది అంటుకోలేదు. తీసి పక్కన పెట్టాడు. ఎర్ర కారు తీసుకెళ్ళడానికి వచ్చినాయన గేటు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. బావ అతనికి చెయ్యి ఊపి, రెండు నిమిషాలు ఆగమన్నాడు.

"ఏమంటావు?" అన్నాడు బావ.

"రేపు షెడ్డు తియ్యగానే ఫోన్లు నేనే చేస్తాను బావా. చలికాలం నుంచి నేను బాగుందన్న ప్రతి బండికీ. నా కాలి సంగతి చెప్పి రమ్మంటాను."